రెండు సైజులు పెద్ద మూత

నేను ఒక మూతను. సీసా మూతను కాదు, డబ్బా మూతను కాదు. మనిషి గుండెలో చిల్లు ఉంటే దాన్ని మూసే మూతను. డాక్టర్లు నాకు నోరు తిరగని పేరేదో పెట్టుకున్నారు. జనం మాత్రం బటన్ అంటారు. కొందరు గొడుగు అంటారు. గొడుగన్నవాళ్ళదే కాస్త నయం. నన్ను ముడిచి సన్నటి గొట్టంలో దూర్చి, లోపలికి పోయాకే విప్పుతారు.

నా ఒళ్ళంతా తీగ. తలవెంట్రుకంత తీగ. నికెల్, టైటానియం అని రెండు లోహాలు కలిపి తీసిన తీగ. దానికో గుణం ఉంది. ఎంత నలిపినా, ఎంత సాగదీసినా, వదలగానే తన మొదటి రూపానికి వచ్చేస్తుంది. ఈ గుణాన్ని కనిపెట్టి మనుషులు తెగ మురిసిపోయారు. తమకూ అదే గుణం ఉందని వాళ్ళకింకా తెలియదు.

సముద్రాల అవతల ఒక తెల్లటి గదిలో పుట్టాను. తలకు టోపీ, మూతికి గుడ్డ, చేతులకు తొడుగులు వేసుకున్న ఆడవాళ్ళు భూతద్దం కింద పెట్టుకొని నన్ను అల్లారు. రెండు పళ్ళేలు, వాటి మధ్య నడుం. లోపల తెల్లటి పాలిస్టరు గుడ్డ ముక్కలు కుట్టారు. కుట్టినామె రోజంతా ఒక్క మాట మాట్లాడలేదు. నేను చూసిన మనుషుల్లో ఆమె మీద తప్ప ఇంకెవరి మీదా నాకు పెద్ద గౌరవం లేదు.

నా తోటివాణ్ణి ఒకణ్ణి యంత్రంలో పెట్టి కోట్ల సార్లు కదిలించి చూశారు. తీగ తెగలేదు. అందరూ సంబరపడ్డారు. తీగ తెగుతుందా అని చూశారు గాని, ఆ తీగ ఆనుకున్న గోడ ఏమవుతుందని చూడలేదు. యంత్రానికి గోడ లేదు మరి.

నా నడుం ఇరవై ఆరు మిల్లీమీటర్లు. పెట్టె మీద అదే రాశారు. విమానమెక్కి, లారీ ఎక్కి, గుంటూరులో ఒక ఆసుపత్రి అలమరలోకి చేరాను. ఆసుపత్రి పేరు చెప్పను. చెప్పినా వాళ్ళు ఒప్పుకోరు. అక్కడ ఎనిమిది నెలలు పడి ఉన్నాను. నా పక్కన ఉన్నవి ఒక్కొక్కటే పోతున్నాయి. ఇరవై, ఇరవై రెండు, ఇరవై నాలుగు. పెద్దవాణ్ణి కాబట్టి నన్నెవరూ అడగలేదు.

ఒకరోజు పదకొండేళ్ళ పిల్లను తెచ్చారు. పేరు మాబున్నీ. అద్దంకి నుంచి వచ్చారు. దూదేకులవాళ్ళు. తండ్రి సైదులు, తల్లి హుస్సేనమ్మ. పిల్ల నాలుగు మెట్లు ఎక్కితే రొప్పుతుంది. గుండెలో పై గదుల మధ్య గోడకు పుట్టుకతోనే చిల్లు.

సైదులు టైలరు. బస్టాండు వెనక రేకుల కొట్టు. బడి పిల్లల యూనిఫారాలు కుట్టేవాడు. ఆయన పద్ధతి ఒకటే. కొలత తీసుకుంటాడు, తీసుకొని ఒక సైజు పెద్దదే కుడతాడు. అంచు నాలుగు వేళ్ళు లోపలికి మడిచిపెట్టి, ఏటేటా విప్పుతూ వస్తాడు. మొదటి ఏడు పిల్లలు గోనెసంచిలో నడిచినట్టు నడుస్తారు. రెండో ఏడు సరిపోతుంది. మూడో ఏడు చీలమండలు కనపడతాయి. ఆ ఊళ్ళో ఏ తల్లీ ఆయన్ని సరిగ్గా కొలతకు కుట్టమని అడిగిన పాపాన పోలేదు. చెప్పులు కొన్నా అంతే, ముందు దూది కుక్కి తొడిగిస్తారు.

చిన్న డాక్టరు పిల్ల గుండెను తెర మీద కొలిచాడు. "ఇరవై రెండు సరిపోతుంది సార్. కాకపోతే పెద్ద రక్తనాళం వైపు అంచు బాగా తక్కువగా ఉంది" అన్నాడు.

అలమర తీశారు. ఇరవై రెండు లేదు.

టై కట్టుకున్న కంపెనీ మనిషి "నాలుగు రోజుల్లో తెప్పిస్తాను సార్" అన్నాడు. పెద్ద డాక్టరుకు మర్నాడు ఢిల్లీలో సభ ఉంది. అక్కడ ఆయన గుండె చిల్లుల గురించే మాట్లాడాలి. సైదులును లోపలికి పిలిచాడు.

"మీ అమ్మాయి నంబరు లేదయ్యా. కొంచెం పెద్దదుంది. ఏమంటావు, నాలుగు రోజులు ఆగి వస్తావా?"

సైదులు చేతులు కట్టుకున్నాడు. "పెరిగే బిడ్డ గదా సార్. ఒక సైజు పెద్దదే ఎయ్యండి. రేపు బిగుతైతే మళ్ళీ యాడ తిరుగుతాం?"

డాక్టరు పకపకా నవ్వాడు. "భలే చెప్పావయ్యా టైలరూ! అంచు తక్కువున్నప్పుడు పెద్దదైతే గట్టిగా పట్టుకుంటుంది కూడా" అన్నాడు. చిన్న డాక్టరు తన కొలత చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

తండ్రి అడిగింది ఒక సైజు. నేను రెండు సైజులు పెద్ద. ఆ తేడా ఆయనకెవరూ చెప్పలేదు. టైలరుకు గుండె గురించి తెలియదు, అందులో తప్పేం లేదు. డాక్టరుకు తెలుసు. తెలిసినవాడు తెలియనివాడి మాట పట్టుకొని ధైర్యం తెచ్చుకున్నాడు. ఇలాంటి ధైర్యాన్ని నేను చాలా చూశాను. అది ఎప్పుడూ ఎదుటివాడి ఒంటి మీదే ఖర్చవుతుంది.

తొడ దగ్గర నరానికి చిన్న చిల్లు పొడిచి, గొట్టంలోంచి నన్ను పైకి తోశారు. గోడకు అటొక పళ్ళెం, ఇటొక పళ్ళెం విప్పారు. చిల్లు మూసుకుంది. తెర మీద చూసి అందరూ ఒకళ్ళ భుజం ఒకళ్ళు తట్టుకున్నారు. నేను మాత్రం నా అంచు ఎక్కడ ఆనిందో చూసుకున్నాను. గది పైకప్పుకు ఆనింది. ఆ కప్పు వెనకే పెద్ద రక్తనాళం దడదడలాడుతోంది.

ఒక్క మాట న్యాయంగా చెప్పాలి. నా జాతివాళ్ళు లక్షల గుండెల్లో కిమ్మనకుండా కూర్చుని ఉన్నారు. మనిషి ముసలివాడై పోయేదాకా కూర్చుంటారు. అల్లరి చేసేది వెయ్యిమందిలో ఒకరో ఇద్దరో. ఆ ఒకణ్ణి నేనయ్యాను.

మర్నాడు హుస్సేనమ్మ పిల్ల గౌను పైకెత్తి రొమ్ము చూసింది, వీపు చూసింది, మళ్ళీ రొమ్ము చూసింది.

"ఒక్క గాటు లేదయ్యా! ఈడా లేదు, ఆడా లేదు!" అని మొగుడి చెయ్యి పట్టుకొని ఏడ్చింది.

బిడ్డ బతికిందన్న సంతోషం ఆమెకు ఎంతో, గాటు లేదన్న సంతోషం అంతకంటే పిసరు ఎక్కువ. గుండెలో కూర్చున్నవాడికి చెవులతో పనిలేదు. బయటి మాట ముందుగా అక్కడికే వస్తుంది.

ఆసుపత్రివాళ్ళు ఒక కార్డు ఇచ్చారు. దాని మీద నా పేరు, నా నంబరు, నా సైజు. "ఇది ఎప్పుడూ దగ్గరుంచుకోండి. ఏటేటా వచ్చి చూపించుకోండి" అన్నారు. ఒక ఏడు వచ్చారు. బాగుందన్నారు. రెండో ఏడు వచ్చారు. బాగుందన్నారు. బాగున్నదాన్ని చూపించుకోవడానికి అంత దూరం ఎందుకని మూడో ఏడు మానేశారు. నేను కనపడే ఎక్స్‌రే ఫిల్మును సూర్యగ్రహణం రోజున వీధివాళ్ళు తీసుకుపోయారు. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు కంటికి అడ్డం పెట్టుకొని, నా మీదుగా సూర్యుణ్ణి చూశారు. మధ్యలో ఈ మచ్చేందని ఒక్కరూ అడగలేదు.

మాబున్నీ పెరిగింది. గుండె పెరిగింది. సైదులు లెక్క అక్కడిదాకా నిజమే. కాని నేను ఆనిన చోటు మారలేదు. గుండె రోజుకు లక్షసార్లు కొట్టుకుంటుంది. కొట్టుకున్నప్పుడల్లా నా అంచు ఆ కప్పును ఒక్క వెంట్రుకవాసి రాస్తుంది. నేను రాయాలనుకోలేదు. ముడిస్తే విప్పుకోవడమే నేర్పారు నాకు. ఒదిగి కూర్చోవడం ఎవరూ నేర్పలేదు.

పిల్ల పది పాసై తండ్రి కొట్లో రెండో మిషను ఎక్కింది. ఇరవయ్యో ఏట చిలకలూరిపేట నుంచి సంబంధం వచ్చింది. బాజీ అని. పరుపులు కుట్టే ఇల్లు. దూదేకే యంత్రం, రోడ్డు పక్కన కొట్టు, ఊళ్ళు తిరిగి అమ్మడానికి ట్రాలీ ఆటో. తల్లి మస్తాన్‌బీ నోరున్న మనిషి. తండ్రి లేడు.

ఆ వారమే హుస్సేనమ్మ నా కార్డు తీసి పొయ్యిలో పెట్టింది. ప్లాస్టిక్ కార్డు. ఇల్లంతా కంపు కొట్టింది.

"అట్టా కాల్చావేందే?" అన్నాడు సైదులు.

"ఇంకేం జేయమంటావు, పెళ్ళిపందిట్లో అతికించమంటావా? కోత లేదు, కుట్టు లేదు. మనం చెప్తేనే గదా తెలిసేది."

"రేపు ఏదన్నా అయితే?"

"నీ నోట్లో నీళ్ళు పొయ్య! పదేళ్ళ నుంచి కానిది రేపయితదా?"

మాబున్నీ గడప మీద కూర్చుని వింటోంది. "మా, వాళ్ళు అడిగితే ఏం జెప్పాలి?"

"అడగరు."

"అడిగితే?"

"టైపాయిడ్ వచ్చిందని చెప్పు. నా తలకాయ మీద చెయ్యి పెట్టి ఒట్టెయ్యి, వేరే మాట రానియ్యనని."

వేసింది. ఆ చెయ్యి తల మీద ఉన్నంతసేపూ గుండె ఎంత జోరుగా కొట్టుకుందో నాకు తెలుసు. చిల్లు మూయడానికి నన్ను పెట్టారు. నన్ను మూయడానికి ఒట్టు పెట్టారు.

పేటలో కాపరం బాగానే సాగింది. బాజీ మాటకారి. పెళ్ళాం పరుపు గుడ్డ కుడుతుంటే ఎదురుగా కూర్చుని దూది కూరుతూ కబుర్లు చెప్పేవాడు.

"మాబూ, నీ చేత్తో కుట్టిన పరుపు మీద పడుకుంటే ఎవడూ తెల్లారి లెగవట్లేదంట. ఊళ్ళోవాళ్ళు నా మీద కేసు పెడతారే!"

"నువ్వు కుట్టు మరి. కుచ్చుకొని ఎమ్మటే లేస్తారు" అనేది.

ఇలాంటివాడికి చెప్పడానికి ఏం అడ్డం? చాలాసార్లు ఆమె గొంతు దాకా వచ్చింది. తల్లి తల గుర్తొచ్చేది. వచ్చిన మాట వెనక్కి పోయేది. రెండుసార్లు మెట్లెక్కుతూ ఆయాసపడింది. "దూది దుమ్మేలే, మూతికి గుడ్డ కట్టుకో" అంది అత్త. అత్తది తప్పు కాదు. తెలిసిన మాబున్నీ తల ఊపింది, అదే తప్పు.

పెళ్ళయిన ఏడాదికి, ఒక గురువారం ఉదయం, పొద్దు బారెడెక్కాక, కప్పు తెగింది. నా అంచు కింద సూదిమొనంత. కప్పుతో పాటు దాని వెనక ఉన్న రక్తనాళం కూడా.

గుండె చుట్టూ ఒక సంచి ఉంటుంది. అది సాగదు. రక్తం అందులోకి దిగుతోంది. దిగేకొద్దీ గుండెకు చోటు తగ్గుతోంది. నా చుట్టూ గది ఇరుకైంది. ఇన్నేళ్ళూ మనుషుల తెలివితక్కువతనం లెక్కబెడుతూ కాలక్షేపం చేసిన నాకు, ఆ పూట మొదటిసారి నా తెలివి మీదే అనుమానం వచ్చింది. కత్తి పట్టింది నేనే గదా.

మిషను మీద కూర్చున్న మాబున్నీకి వీపు మధ్యలో పొడిచినట్టయింది. పరుపు గుడ్డ మీదే ముందుకు ఒరిగింది. మస్తాన్‌బీ పరుగెత్తుకొచ్చి మొహాన నీళ్ళు కొట్టింది. నాలుగిళ్ళ అవతలున్న రత్నబాబును పిలిచారు. ఆయన చదివింది ఇంటరు. పదిహేనేళ్ళ నుంచి ఆ వీధికి ఆయనే డాక్టరు.

"దూది పీల్చీ పీల్చీ ఊపిరితిత్తులు పట్టేసినయ్యి. దాంతో పాటు గ్యాసు. ఒక సూది ఏస్తా, లేచి కూర్చుంటది" అన్నాడు. నాడి పట్టుకున్నాడు. దొరకలేదు. చెయ్యి మార్చాడు. సన్నగా తగిలింది. "నీరసం" అని సెలైన్ సీసా పెట్టి, గడియారం చూసుకున్నాడు.

ఆయన ఆ పూట చేసినవన్నీ తెలియక చేసినవే. అందులో సెలైన్ ఒక్కటి మేలు చేసింది. నలిగిపోతున్న గుండెలోకి అది కాస్త నీళ్ళు తోసింది. ఆమెను గుంటూరు దాకా బతికించింది ఆ సీసానే. ఆ సంగతి రత్నబాబుకు ఇప్పటికీ తెలియదు. తెలిస్తే బోర్డు మీద రాయించుకుంటాడు.

పెదాలు నల్లబడటం బాజీ చూశాడు. "ఏం గ్యాసు! పట్టండెహె" అని అరిచి, ట్రాలీలో అమ్మకానికి కట్టిన పరుపు ఒకటి పరిచి, పెళ్ళాన్ని పడుకోబెట్టాడు. మస్తాన్‌బీ తల దగ్గర కూర్చుని సెలైన్ సీసా ఎత్తిపట్టుకుంది. ఆటో దూకింది.

దారిలో మాబున్నీ కళ్ళు తెరిచింది. తనకేమవుతోందో ఆమెకు తెలుసు. అరచెయ్యి తీసి సరిగ్గా నా మీద పెట్టుకుంది.

"అత్తా..." అంది.

"ఏందమ్మా? చెప్పు తల్లీ."

ఒక్క మాట చాలు. ఆమె అత్త మొహంలోకి చూసింది. చూసి, "దాహంగా ఉంది" అంది. ఆ తర్వాత తెలివి తప్పింది.

నేను నవ్వేవాణ్ణయితే అప్పుడు నవ్వి ఉండేవాణ్ణి. చావు ఎదురుగా కూర్చుని ఉంటే, మనిషి దాన్ని పక్కకు జరగమని అత్తగారికి ఏమనిపిస్తుందో చూస్తుంది.

వెళ్ళింది నన్ను పెట్టిన ఆసుపత్రి కాదు, వేరేది. ఎమర్జెన్సీలో సుచరిత అనే డాక్టరమ్మ ఉంది. చిన్న వయసు, చురుకు చేతులు.

"ఇంతకుముందు గుండెజబ్బు ఏమైనా ఉందా? చిన్నప్పుడు ఏదైనా వైద్యం?"

"లేదు మేడమ్" అన్నాడు బాజీ. "గట్టి మనిషి. డబుల్ కాట్ పరుపు ఒక్కతే ఎత్తుద్ది."

నిజమే చెప్పాడు పాపం. తనకు తెలిసిన నిజం.

చిన్న యంత్రం తెచ్చి రొమ్ము మీద పెట్టి చూసింది. తెర మీద గుండె చుట్టూ నల్లటి పట్టీ. "నీరు చేరింది. ఈ వయసులో టీబీ అయ్యుంటుంది. సూదితో కొంచెం తీసి, వార్డుకు పంపి పరీక్షలు చేయిద్దాం" అంది నర్సుతో. చేతిలోకి సూది తీసుకుంది. తీసుకొని ఆగింది. "పుట్టింటివాళ్ళకు ఒకసారి ఫోన్ చెయ్యండి. చిన్ననాటి సంగతులు వాళ్ళకే తెలుస్తాయి."

బాజీ ఫోన్ కలిపి, అందరికీ వినపడేలా పెట్టి ఆమె ముందు పట్టుకున్నాడు. అద్దంకిలో హుస్సేనమ్మ ఎత్తింది. వెనక మిషను చప్పుడు.

"అమ్మా, నేను డాక్టర్ని. మీ అమ్మాయికి బాగా సీరియస్‌గా ఉంది. చిన్నప్పుడు గుండెకు ఏదైనా వైద్యం చేయించారా?"



"మీ పక్కన ఎవరున్నారమ్మా?" అంది హుస్సేనమ్మ.

బిడ్డ ఎట్టా ఉందని అడగలేదు. పక్కన ఎవరున్నారని అడిగింది.

"నేనేలే వదినా, ఎవరో కాదు. చెప్పు" అంది మస్తాన్‌బీ.

"ఏం లేదమ్మా. టైపాయిడ్ వచ్చింది. అంతే. ఇంకేం లేదు."

డాక్టరమ్మ సూది మళ్ళీ తీసుకుంది. ఆ సూదితో నాలుగు చుక్కలు లాగి, గుండె కాస్త తేలికపడగానే వార్డులో పడుకోబెడతారు. రక్తమంటే సూది నరంలో దిగిందేమో అనుకుంటారు. చిల్లు అక్కడే ఉంటుంది, నేను అక్కడే ఉంటాను. సాయంత్రానికి మంచం ఖాళీ.

ఫోన్లో మిషను చప్పుడు ఆగింది.

"ఆ ఫోనిట్టా తే."

"ఏందయ్యా నువ్వు... పిల్ల కాపరం..."

"పిల్లే లేకపోతే కాపరం ఎవరు జేస్తారే? ఇట్టా తే!"

ఏదో కిందపడ్డ చప్పుడు. తర్వాత సైదులు గొంతు. "డాక్టరమ్మా, పెట్టెయ్యమాకండి! మా బిడ్డ గుండెలో బటన్ ఉంది. పదకొండో ఏట ఏయించాం. కాలు కాడ నుంచి ఏశారు, కోత లేదు. సైజు ఇరవై ఆరు. కార్డు లేదు గాని నాకు సైజు గుర్తుంది. నేనే... నేనే పెద్దది ఎయ్యమన్నానమ్మా."

సుచరిత సూది పళ్ళెంలో పడేసింది. "సర్జన్ గారిని పిలవండి, థియేటర్ తెరవమనండి! ఇది నీరు కాదు, రక్తం" అని మంచం తానే తోసింది.

వరండాలో జరిగింది నేను తర్వాత విన్నాను. ఇప్పుడు రోజూ వింటూనే ఉన్నాను.

మస్తాన్‌బీ ఫోన్ లాక్కుంది. "ఏం వదినా, చిల్లు గుండె పిల్లను మాకంటగట్టి టైపాయిడ్ అంటావా? నీ కడుపు కాలిపోను! నువ్వు ఆడదానివేనా?" అని మొదలుపెట్టింది. ఇంతలో నర్సు వచ్చి రక్తం కావాలంది. బాజీది వేరే రకం. మస్తాన్‌బీది కలిసింది. ఆమె ఎడమ చెయ్యి చాపి మంచం మీద పడుకుంది. కుడి చేత్తో ఫోన్ చెవికి పెట్టుకుంది. సంచి నిండేదాకా తిట్టింది. నర్సు సూది తీసేస్తుంటే "ఇంకో సంచి పట్టుకో, ఏం ఫరవాలేదు" అని నర్సుకు చెప్పి, "నీకు కాదులే, నీతో ఇంకా అయిపోలేదు" అని ఫోన్లో చెప్పింది. రెండో సంచి తీసుకోరని తెలిసి నర్సును కూడా తిట్టింది.

మనుషుల్ని ఈసడించడం నాకు అలవాటు. ఈ మనిషి దగ్గర మాత్రం ఆ పని సాఫీగా సాగదు.

సర్జన్ పేరు వీరరాఘవ. ముసలాయన, మాటలు తక్కువ. రొమ్మెముక నిలువునా కోశారు. సంచికి కత్తి తగలగానే రక్తం చిమ్మింది. గుండె ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నట్టు ఉబ్బింది. ఆమె రక్తాన్ని యంత్రం మీదికి మళ్ళించి, గుండెను ఆపి, గది తెరిచారు. పదేళ్ళ తర్వాత వెలుగు చూశాను. నా చుట్టూ పెరిగిన కండను కొసరి కొసరి కోసి, పట్టకారుతో పీకి, స్టీలు పళ్ళెంలో వేశారు. టంగుమంది.

ఆయన నన్ను వేలితో ఒకసారి తిప్పాడు. "ఇంతది ఎందుకు వేశారో" అన్నాడు. అంతే. ఎవరు వేశారని అడగలేదు.

పైకప్పు కుట్టాడు. రక్తనాళం కుట్టాడు. అసలు చిల్లు మూయడానికి ఆ పిల్ల గుండె సంచిలోంచే ఒక ముక్క కత్తిరించాడు. కత్తిరించే ముందు రెండుసార్లు కొలిచాడు. నీలం దారంతో చుట్టూ కుట్టాడు. పళ్ళెంలోంచి నేను చూస్తూనే ఉన్నాను. నన్ను చెయ్యడానికి ఎన్ని గదులు, ఎన్ని దీపాలు, ఎన్ని సముద్రాలు! ఆ ముక్క రెండు వేళ్ళంత కూడా లేదు. నా పని అది చేసేసింది.

సైదులు, హుస్సేనమ్మ వచ్చేసరికి ఆపరేషను అయిపోయింది. మనిషి దక్కిందన్నారు. సైదులు అల్లుడికి ఎదురుపడలేక వరండాలో గోడకు ఆనుకొని నేల మీద చతికిలబడ్డాడు. బాజీ వెళ్ళి పక్కనే కూర్చున్నాడు.

"మామా, నాకు చెప్తే ఏమయ్యేది?"

"పెళ్ళి ఆగేది నాయనా."

బాజీ తల ఊపాడు. "ఆగేదేమో. మా అమ్మ ఆపేది. నిజమే" అన్నాడు. "ఆగితే ఆగేది. ఈ పొద్దు నా నోటితో నేనే 'లేదు మేడమ్' అని చెప్పా గదా. నువ్వు ఫోన్ తీసుకోకపోతే నా పెళ్ళాన్ని నా మాటతోనే చంపుకునేవాణ్ణి."

సైదులు అల్లుడి చెయ్యి పట్టుకున్నాడు.

నన్ను మందునీళ్ళ సీసాలో వేసి సర్జన్ గది అలమరలో పెట్టారు. నా ఫొటో తీసి ఒక సభలో తెర మీద చూపించారట. నన్ను మొదట పెట్టిన పెద్ద డాక్టరు కూడా ఆ సభలో ఉన్నాడట. చివర్న లేచి, ఇలాంటి కేసులు చాలా అరుదని, కొలత విషయంలో జాగ్రత్త పడాలని చాలా బాగా మాట్లాడాడట. చప్పట్లు కొట్టారట. సుచరిత వచ్చి సర్జన్‌కు చెబుతుంటే విన్నాను.

ఆరు వారాలకు మాబున్నీ చూపించుకోవడానికి వచ్చింది. వెంట మొగుడు, తల్లి. హుస్సేనమ్మ కుర్చీ అంచున కూర్చుని అడిగింది. "అయ్యా, ఈ మచ్చ పోవడానికి ఏమన్నా పూత మందుందా?"

సర్జన్ మందుల చీటీ రాస్తున్నాడు. మాబున్నీ అలమర వైపు చూస్తోంది.

"అదేనా సార్?"

"అదే."

"నాదే గదా. ఇస్తారా?"

ఆయన ఆమె వంక చూశాడు. మందునీళ్ళు పారబోయించి, కడిగించి, ఆరబెట్టించి, మూత బిగించిన గాజు సీసాలో వేసి ఇచ్చాడు.

పని అయిపోయిన లోహమంతా పోయినట్టు నేను పాత ఇనప సామాను కొట్టుకు పోలేదు. గాజు పెట్టెలున్న మ్యూజియానికీ పోలేదు. చిలకలూరిపేటలో పరుపుల కొట్లో, కుట్టుమిషను పక్క గూట్లో ఉన్నాను. మస్తాన్‌బీ పరుపు బేరానికి వచ్చిన ప్రతి మనిషికీ నన్ను చూపిస్తుంది. "ఇదుగో, ఇది మా కోడలి గుండెలో పదేళ్ళుంది. మా వియ్యపురాలు మాకు చెప్పనే లేదు. నా రక్తం ఎక్కింది దానికి, తెలుసా?" అంటుంది. రెండు సంచులిచ్చానంటుంది. ఒకటే ఇచ్చింది. మోసమని వరండా అదిరేలా అరిచిన నోటితోనే ఇప్పుడు గొప్పగా చెబుతోంది. ఆ రెండింటికీ మధ్య తేడా ఆమెకు పట్టలేదు. హుస్సేనమ్మ వచ్చినప్పుడల్లా, ఎవరూ చూడకుండా నా మీద దిండు గలేబు కప్పుతుంది. ఆమె బస్సెక్కగానే మాబున్నీ తీసేస్తుంది.

మొన్న ఒకామె వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. మంచం కొలత చెప్పి పరుపు ఎంచుకుంది. పెళ్ళికి ఇవ్వడానికట. మస్తాన్‌బీ మామూలుగా నన్ను చేతికిచ్చి కథ మొదలుపెట్టింది. ఆమె సీసా పట్టుకొని వింది. మొహం రంగు మారింది. సాయంత్రం తెచ్చుకుంటానని చెప్పి వెళ్ళిపోయింది.

గంట తర్వాత మళ్ళీ వచ్చింది. మస్తాన్‌బీ లోపల ఉంది. ఆమె మిషను దగ్గరికి వచ్చి వంగింది.

"అమ్మాయ్, మా పాపకీ ఉంది ఇది. పెట్టించి ఎనిమిదేళ్ళయింది. వచ్చే నెల్లో పెళ్ళి. ఎవరికీ చెప్పమాకమ్మా, నీకు దణ్ణం పెడతా."

మాబున్నీ మిషను ఆపింది. "కడాఖర్న ఎప్పుడు చూపించారు?"

"మొదట్లో. బాగానే ఉందన్నారు."

"కార్డు యాడుంది?"

ఆమె నేల చూపులు చూసింది. "బీరువాలో ఉంది. అడుగున."

"కాల్చలేదు గదా?"

"లేదమ్మా."

"అయితే ఆ కార్డూ, మీ పాపా, ఇద్దరూ ఈడికి రావాల. నేనే డాక్టరు కాడికి తీసుకుపోతా. అప్పుడే పరుపు."

"పరుపు ఎక్కడైనా దొరుకుద్దిలే" అని ఆమె విసురుగా రోడ్డు మీదికి దిగింది. నాలుగడుగులు వేసి ఆగింది. వెనక్కి తిరగలేదు. పోనూ లేదు. కాసేపు అక్కడే నిలబడి, తర్వాత వెళ్ళిపోయింది.

ఈ రోజుకు మూడు రోజులు. ఆమె ఇంకా రాలేదు. నిన్న ఇద్దరు ఆ పరుపే కావాలని అడిగారు. "అమ్ముడైపోయింది" అని మాబున్నీ దాన్ని గోడకు ఆనించి, పైన చీటీ గుచ్చింది. మస్తాన్‌బీ గొణుగుతోంది. మిషను నడుస్తోంది. బస్సు ఆగిన చప్పుడైతే మిషను ఆగుతుంది. మాబున్నీ తలెత్తి గుమ్మం వైపు చూస్తుంది. గూట్లోంచి నేనూ చూస్తాను.